పిల్లల సైన్సు పుస్తకాల్లో కొవ్వొత్తి ప్రయోగం

సంపాదకులకు నమస్కారం.

శాస్త్రవేత్తలు పిల్లల కోసం పుస్తకాలు రాయడం మంచిదే. అయితే అట్ట మీద శాస్త్రవేత్త పేరుంటే లోపలి ప్రయోగాలన్నీ సరైనవేనని అనుకోలేం. పాత పుస్తకాల నుంచి కొత్తవాటిలోకి, ఎవరూ చేసి చూడకుండానే వచ్చేసే ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా మొండిది కొవ్వొత్తి ప్రయోగం.

పళ్లెంలో కొద్దిగా నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గాజు గ్లాసు. మంట ఆరుతుంది, గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. ‘గాలిలో అయిదో వంతు ఉండే ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి’ అని వివరణ. ముచ్చటగానే ఉంది కానీ తప్పు. 21 శాతం ఉండే ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గేసరికే మంట ఆరిపోతుంది. తగ్గిన ఆ అయిదు శాతంలోనూ దాదాపు మూడింట రెండు వంతుల చోటును మైనం కాలగా పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఆక్రమిస్తుంది. నీటి ఆవిరి ఎలాగూ చల్లబడి నీరైపోతుంది. అన్నీ పోను మిగిలే లోటు రెండు శాతం లోపే.

అసలు కారణం వేడి. గ్లాసు బోర్లించేటప్పటికే మంట చుట్టూ ఉన్న గాలి వ్యాకోచించి ఉంటుంది, కొంత అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి వాతావరణ పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది.

దీన్ని పిల్లలే తేల్చగలరు, పక్కన పెద్దవాళ్లుంటే చాలు. అదే గ్లాసు కింద ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టాలి. ఆక్సిజన్ పెరగలేదు, నీళ్లు మాత్రం ఇంకా పైకి ఎక్కుతాయి. నీళ్లలో రంగు కలిపితే అవి ఎప్పుడు ఎక్కుతున్నాయో తెలుస్తుంది: వెలుగుతున్నంతసేపూ పెద్దగా కదలవు, ఆరే క్షణంలో ఒక్కసారిగా ఎగబాకుతాయి. గ్లాసు అంచు పళ్లేనికి అతుక్కుపోతే నీళ్లకు దారి ఉండదు కాబట్టి అంచు కింద రెండు నాణేలు పెట్టాలి. ఈ నాణేల సంగతి రాయని పుస్తకం చూస్తే, రచయిత ఆ ప్రయోగం చేశాడా అని నాకు అనుమానమే. 1860-61లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తి మీదే పిల్లలకు ఆరు ఉపన్యాసాలిచ్చాడు, చెప్పేదాన్ని వాళ్ల కళ్లెదుటే చేసి చూపిస్తూ.

బొమ్మలది ఇంకో బాధ. భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తే, భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు వేసవి వస్తుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి సూర్యుడికీ భూమికీ మధ్య దూరం జనవరి మొదట్లో 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు, కాగితం మీద గీస్తే ఆ కక్ష్య కంటికి గుండ్రంగానే కనబడుతుంది. ఒక సెంటీమీటరు భూమి పక్కన చంద్రుణ్ని 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి, అది పేజీలో పట్టదు. పట్టనప్పుడు ‘ఇది కొలత ప్రకారం గీసింది కాదు’ అని బొమ్మ కిందే రాయాలి.

ఇలాంటి తప్పులు చాలావరకు రాతప్రతిలో ఉండవు, బొమ్మలు చేరాక వస్తాయి. ప్రచురణకర్తలు బొమ్మలతో సహా పేజీ ప్రూఫులను శాస్త్రవేత్తకు పంపి, ఆయన చూశాకే అచ్చుకు ఇవ్వాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు