ఆదివారం గోష్ఠి: ఒక బ్యాండ్ మాస్టారి కథ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు జరిగే మన శ్రవణ గోష్ఠిలో, షికాగో నగరపు డుసేబుల్ హైస్కూల్లో బ్యాండు నేర్పిన కెప్టెన్ వాల్టర్ డయెట్ గారి గురించి మాట్లాడుకుందాం.

1901లో పుట్టిన ఆయన మొదట వయొలిన్ విద్వాంసుడు. పేరు ముందున్న ‘కెప్టెన్’ సైనిక పటాలపు బ్యాండును నడిపినందువల్ల వచ్చిన హోదా. 1931లో ఫిలిప్స్ హైస్కూల్లో చేరి, 1935లో డుసేబుల్‌కు మారి, 1962 వరకు అక్కడే నల్లజాతి పిల్లలకు వాద్యాలు నేర్పారు. క్రమశిక్షణలో మహా కఠినుడు. శాక్సఫోన్ మీద మనసుపడి వచ్చిన, తర్వాత జాజ్ విద్వాంసుడైన జానీ గ్రిఫిన్ చేతికి ఆయన ముందుగా క్లారినెట్ అనే మరో ఊదే వాద్యం ఇచ్చారు (మన గురువులు సరళీ వరుసలు దాటనివ్వని సంగతి గుర్తుకు రావడం లేదూ?). జాజ్ కళాకారులు నాట్ కింగ్ కోల్, జీన్ అమన్స్, వాన్ ఫ్రీమన్ కూడా ఆయన శిష్యులే. ‘హై జింక్స్’ అనే వార్షిక ప్రదర్శనలో విద్యార్థులే ఆడి పాడేవారు. 1969లో ఆయన కన్నుమూశాక, షికాగోలో ఒక పాఠశాలకు ఆయన పేరు పెట్టారు.

ప్రతి ఒక్కరూ ఈ శిష్యులలో ఒకరి రికార్డింగును ముందే విని, నచ్చిన రెండు నిమిషాల భాగాన్ని శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పంపగలరు. పాట నడుస్తున్నంతసేపు దయచేసి మైకు ఆపి ఉంచండి. పోయినసారి కుక్కర్ విజిళ్లు కూడా విన్నాము.