కార్పొరేషన్‌లో ఆ కాగితం ఎవరికివ్వాలి?

సంపాదకుడు గారికి,

ఇల్లు పెద్దోడికి, పొలం చిన్నోడికి అని నలుగురిని కూర్చోబెట్టి చెప్పే పెద్దమనుషులే, 'రేపు నాకు తెలివి తప్పితే వెంటిలేటర్ పెట్టాలా వద్దా' అన్న మాట ఎత్తగానే 'గా పీడ మాటలెందుకు' అని లేచిపోతారు. ఆ భారమంతా చివరికి ఐసీయూ బయట కూర్చున్న పిల్లల మీద పడుతుంది. ఈ మధ్య మా బంధువు ఒకాయనకు మెదడులో రక్తస్రావమైంది. బాగయ్యే ఆశ లేదని డాక్టర్లు చెప్పాక, పరకాలలో ఉండే కొడుకు ఇంటికి తీసుకుపోదామన్నాడు. డల్లాస్‌లో ఉన్న బిడ్డ వీడియో కాల్‌లో ఏడుస్తూ, ఎంత ఖర్చైనా ఆపొద్దంది. ఆయన మనసులో ఏముందో ఇద్దరికీ తెలియదు. ఆఖరికి 'మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం' అని సంతకం పెట్టి, ఊపిరి బ్యాగు నొక్కుకుంటూ అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. అన్నాచెల్లెళ్లకు ఇప్పటికీ మాటల్లేవు.

గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. ఎలాంటి చికిత్స వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక కాగితం (లివింగ్ విల్) మీద రాసిపెట్టుకోవచ్చంది. మొదట్లో దానికి మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు. అంత తిప్పలు ఎవరు పడతారు! 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. ఇది ఇంజెక్షన్ ఇచ్చి చంపడం కాదు, అది నేరమే. పిల్లలు ఆస్తి కోసం తొందరపడతారన్న అనుమానానికీ జవాబుంది: ముగ్గురేసి డాక్టర్లున్న రెండు బోర్డులు ఒప్పుకుంటేనే చికిత్స ఆపుతారు. నొప్పి తగ్గించే వైద్యం మాత్రం చివరిదాకా నడుస్తుంది.

ఆ పత్రం ఒక కాపీని స్థానిక సంస్థ నియమించిన అధికారికి ఇవ్వాలని కోర్టే చెప్పింది. కర్ణాటక ప్రభుత్వం ఈ తీర్పు అమలుపై 2025 జనవరిలో ఉత్తర్వులిచ్చింది. మన గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ కూడా ఆ అధికారి ఎవరో బహిరంగంగా ప్రకటించాలి. ఊళ్లలో పంచాయతీ కార్యదర్శికి ఇస్తే సరిపోతుందా లేదా కలెక్టర్లు తేల్చి చెప్పాలి. రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి తరఫున ఒక డాక్టరు ఉండాలి కాబట్టి, ఆ పేర్ల జాబితా ముందే సిద్ధం చేయాలి. రోగి ఐసీయూలో ఉన్నప్పుడు వెతుక్కుంటే కుదరదు.

ఎవరొస్తారులే అనుకోవద్దు. ఆ అధికారి పేరు, గది నంబరు ఆఫీసు నోటీసు బోర్డు మీద రాసిపెడితే, కాగితం పట్టుకుని వచ్చే రిటైర్డు వాళ్లం మా కాలనీలోనే ఉన్నాం.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ