ఏరూ చెరువూ లేని ఊళ్లు

కుళుదుఫ్ఫుషి, మాల్దీవులు

బాబాయికి నమస్కారాలు.

ఏరు లేదు, చెరువు లేదు, చేను లేదు, అక్కడి జనం ఏం తాగి ఏం తిని బతుకుతారని పిన్ని చేత అడిగించారట. ముందు నీళ్ల సంగతే చెబుతాను, తక్కినవన్నీ దాని తర్వాతే.

ఈ దీవుల నేలంతా పగడపు ఇసక. సముద్రమట్టానికి మనిషెత్తు లేచి ఉంటే అదే మెరక. కురిసిన వాన పారకుండా ఉన్నచోటే ఇంకిపోతుంది. మంచినీళ్లు ఉప్పునీళ్ల కన్నా తేలిక కదా, అందుకని ఇంకిన వాన అడుగునున్న సముద్రపు నీటి మీద పొరగా తేలుతుంది. దీవి నడుమ ఆ పొర మందం, ఒడ్డు వైపు పల్చన. నాలుగైదు అడుగులు తవ్వితే చాలు, నీరు పడుతుంది. చేదతో తోడుకున్నంత కాలం పర్వాలేదు. మోటారు పెట్టి గబగబా లాగారా, పై పొర తరిగి కింది ఉప్పు ఎగదన్నుకొస్తుంది. మన ఒడ్డు బోర్ల బాధ మీకు కొత్తా? 2004 సునామీ అలలు మీదెక్కినప్పుడు చాలా దీవుల బావులు ఉప్పుకయ్యలయ్యాయి. మళ్లీ వానలు కడిగితే తప్ప బాగుపడవు. దానికి తోడు చాలాచోట్ల మరుగుదొడ్ల గుంతలూ అదే ఇసకలో ఉండేవి. కాబట్టి బావి నీళ్లు స్నానానికి, ఉతుకుడుకి మాత్రమే.

తాగడానికీ, వంటకీ చాలా ఇళ్లలో వాన నీళ్లు పట్టుకుంటారు. రేకుల కప్పు అంచున తొట్టి గొట్టం, దాని కింద 2,500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. మే నెలలో పడే తొలివానని ట్యాంకులోకి రానివ్వరు. గొట్టాన్ని పక్కకి తిప్పి, రేకుల మీది దుమ్మూ కాకిరెట్టా కొట్టుకుపోయాకే లోపలికి మళ్లిస్తారు. ట్యాంకు మూతికి పల్చని గుడ్డ కడతారు. మూత దగ్గర సందుంటే డెంగీ దోమ చేరుతుంది. లెక్క వెయ్యండి: ఇంట్లో ఐదుగురు, మనిషికి రోజుకి 5 లీటర్లు. అంటే ట్యాంకు నూరు రోజులకి సరి. వానలు ముఖం చాటేసేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అందుకే ఏప్రిల్‌లో కొన్ని దీవులకి ప్రభుత్వం పడవల మీద నీళ్లు పంపాల్సి వచ్చేది. రాజధాని మాలే సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే యంత్రాల మీదే ఆధారపడింది. 2014 డిసెంబరులో అక్కడ మంటలు లేచి కుళాయిలు ఎండిపోతే, మన దేశం విమానాల్లోనూ ఓడల్లోనూ నీళ్లు పంపింది.

జనాభా అంటారా, 2022 లెక్కల్లో 5.15 లక్షలు. వాళ్లలో నాలుగో వంతుకి పైగా మాలాంటి బయటివాళ్లే. దీవులు 1,192 అయినా మనుషులున్నవి రెండొందల లోపు. పదిమందిలో నలుగురు మాలేలోనే ఇరుక్కుని ఉంటారు, పెద్ద చదువులూ పెద్దాసుపత్రులూ అక్కడే కాబట్టి. బియ్యం, పిండి, పంచదార అన్నీ ఓడ దిగాల్సిందే. సొంత తిండి అంటే చేపా కొబ్బరీ.

చేపంటే ట్యూనా. దాన్ని వలేసి పట్టరు, గాలం కర్రతో ఒక్కొక్కటీ లాగుతారు. తెల్లవారేలోపు దీపాలు వెలిగించి, పగడపు దిబ్బల దగ్గర చిన్న ఎరచేపల్ని బతికుండగా పడతారు. వాటిని పడవ అడుగున సముద్రపు నీరు వచ్చిపోయే తొట్టిలో ఉంచుతారు. వెన్నెల బాగా కాస్తే దీపానికి ఎర పోగవదు. ఎర లేకపోతే ఆ రోజుకి వేట లేనట్టే. ట్యూనా గుంపు కనపడగానే ఎర చల్లి, పడవ వెనక గొట్టాలతో నీళ్లు చిమ్ముతారు. చిన్నచేపలు ఎగురుతున్నాయనుకుని ట్యూనా రెచ్చిపోయి పైకొస్తుంది. కొక్కేనికి వెనక్కి వంగిన ముల్లు ఉండదు. కర్ర వెనక్కి విసిరితే చేప దానంతటదే ఊడి పడవలో పడుతుంది. ముల్లుంటే ఒక్కోదాన్నీ విడదీసేలోపు గుంపు దాటిపోతుంది.

ఆ చేపని ఉప్పునీళ్లలో ఉడికించి, పైకొచ్చే నురగ తీసేస్తూ ఉంటారు, లేకపోతే చేదెక్కుతుంది. ముక్కలు తీసేశాక మిగిలిన పులుసుని గంటల తరబడి మరిగిస్తే నల్లటి ముద్దవుతుంది. దాన్ని రిహాకురు అంటారు. చివర్లో కలపడం ఆపితే అడుగంటి మాడు వాసన పడుతుంది. బాగా కుదిరితే ఫ్రిజ్ లేకుండా నెలలు నిలవుంటుంది. అన్నంలో చిటికెడు చాలు, మొదటిసారి వాసనకే ముక్కు మూసుకుంటారు.

ఇక కొబ్బరికి పేరున్న మన అంబాజీపేట వాళ్లకి నచ్చే కబురు. ఈ ఊరి ఆడవాళ్లు కొబ్బరిపీచు తాడుకి పేరు పడ్డారు. ఇక్కడ పీచు మిల్లులు కావు, అంతా చేతిపనే. కొబ్బరి డొక్కల్ని మడ అడవి బురదలో నెలల తరబడి పాతిపెడతారు. మెత్తటి పొట్టు కుళ్లి పీచుని వదిలేదాకా ఆగాలి. తొందరపడి తీస్తే పొట్టు అంటుకునే ఉండి, బాదేటప్పుడు పీచు తెగిపోతుంది. తీశాక మొద్దు మీద కర్రతో బాది, సముద్రంలో కడిగి, ఎండబెట్టి, అరచేతుల మధ్య నులిమి సన్నతాడు పేనుతారు. ఒకప్పుడు పడవ పలకల్ని మేకుల్లేకుండా ఈ తాడుతోనే కుట్టేవారు. 2019లో మొదలైన విమానాశ్రయం కోసం మడ నేలలో కొంత పూడ్చేశారు, దాంతో కొందరి గుంతలు పోయాయి. విమానం దిగిందన్న సంతోషం నిజమే, కానీ ఆ గుంతలకి బదులు ఉప్పుబురద మరోచోట తవ్వి తెచ్చేది కాదు.

మీ పెద్దోడు