మీ ఫాంటు అంకెల పట్టిక మాకు ఇవ్వండి

నెల్లూరు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ తెలుగు ఫాంట్లతో 1997లో కూర్చిన పుస్తకం మార్పిడిలో పాడైపోవడం

అయ్యా,

నెల్లూరులో ముప్పై ఏళ్ళుగా ప్రెస్సు నడుపుతున్నాను. సీసపు అక్షరాలు పక్కన పెట్టి కంప్యూటర్ కొన్నప్పుడు అందులో మొదట వేయించింది మీ సాఫ్ట్‌వేరే. పెన్నా ఒడ్డు ఊళ్ళు తిరిగి ఒక మాస్టారు పోగు చేసిన నాట్ల పాటల పుస్తకాన్ని 1997లో దానితోనే కూర్చాను. అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ) వేసే లేజర్ ప్రింటర్‌లో బటర్ పేపర్ మీద పేజీలు తీసి ఆఫ్‌సెట్ ప్లేట్లు చేయించాను. చిన్న అక్షరాల్లో వత్తులు పూడుకుపోతే సైజు పెంచి మళ్ళీ తీసేవాణ్ణి. అప్పట్లో ఆ ఇబ్బందులకు ఎవరినీ తప్పుపట్టలేదు.

ఇప్పుడు మాస్టారు లేరు. రెండో ముద్రణ వేయమని ఆయన కుమార్తె అడిగారు. ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది, తెరిస్తే మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అర్థంకాని గుర్తులు. పాత ప్రోగ్రాం నడవాలంటే ప్రింటర్ కేబుల్ తగిలించే పోర్టుకు మీరిచ్చిన లాక్ అనే చిన్న పరికరం తగిలించి ఉండాలి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు.

అందుకే పాత ఫైళ్ళను ఇప్పటి కంప్యూటర్లు చదివే తెలుగులోకి మార్చే మీ మార్పిడి ప్రోగ్రాం డబ్బు చెల్లించి కొన్నాను. అది ‘చంద్రుడు’ను ‘చ్రందుడు’ చేసింది. కారణం నాకు తెలుసు. ఆనాటి ఫాంటులో ఉన్నది 256 స్థానాలే. గుణింతాలు, వత్తులు అన్నీ వాటిలో పట్టవు కనుక అక్షరాన్ని ముక్కలు చేసి తలకట్టుకు ఒక అంకె, కొమ్ముకు ఒక అంకె, వత్తుకు ఒక అంకె ఇచ్చారు. ఫైలులో ఉన్నవి ఆ ముక్కల అంకెలే. క్రావడి, అంటే ర వత్తు, కాగితం మీద అక్షరానికి ఎడమన పడుతుంది కాబట్టి దాన్ని ముందే కొట్టేవాళ్ళం. మీ ప్రోగ్రాం దాన్ని అంతకు ముందున్న అక్షరానికి అతికిస్తోంది.

కథల పుస్తకమైతే ప్రూఫులు దిద్దుకునేవాణ్ణి. ఇవి పొలంలో ఆడవాళ్ళు పాడిన పాటలు. చాలా మాటలు ఏ నిఘంటువులోనూ దొరకవు. తప్పు పడిందో, పల్లెలో అలాగే అంటారో చెప్పగలిగిన మనిషి వెళ్ళిపోయారు. మిగిలిన ఒకే ఒక్క అచ్చు ప్రతికి చెదలు పట్టి సగం పేజీలు పోయాయి.

ముక్కలకు కాక అక్షరాలకే అంకెలిచ్చే ఇస్కీ అనే భారతీయ ప్రమాణం 1991లోనే వచ్చింది. ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ కూడా ఆ ఏడాదే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. మీరు మీ సొంత వరుస పెట్టుకున్నారు, అప్పుడు అందరూ చేసింది అదే. కానీ ఆ వరుసను ఈనాటికీ రహస్యంగా దాచుకోవడం అన్యాయం. ఆ పాటలు మీ సొత్తు కావు.

ఆ ఫాంట్ల పూర్తి అంకెల పట్టిక నాకు పంపండి. క్రావడి దోషం సరిచేసిన ప్రోగ్రాంను ఉచితంగా ఇవ్వండి. పాత ఫైలు నకలు, అచ్చు ప్రతిలో మిగిలిన పేజీల్లో రెండింటి జిరాక్సు జతచేస్తున్నాను. పోల్చి చూసుకోండి. పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

ఇట్లు,
ప్రెస్సు యజమాని,
నెల్లూరు