ఒకటో దెబ్బ ఖాళీగా ఉంటేనే రెగే
జమైకాలో పుట్టిన రెగే సంగీతం మన పత్రికల వినోదం పేజీల్లో గాయకుడు బాబ్ మార్లే జడలకీ, బీచ్ షికార్లకీ కుదించుకుపోయింది. మన ఆర్కెస్ట్రాలు దాన్ని వాయించే తీరూ అంతంత మాత్రమే. 1960ల్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పరుగులు తీసే స్కా అనే నాట్య సంగీతం నెమ్మదించి రాక్‌స్టెడీ అనే శైలి అయింది, దశాబ్దం చివరికి అదే రెగేగా మారింది. నాలుగు దెబ్బల వరసలో ఒకటోది ఖాళీ. కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) కలిసి మూడో దెబ్బ మీద పడాలి. దీన్నే వన్ డ్రాప్ అంటారు. రెండు, నాలుగు మీద గిటారు తుంచినట్టు పలకాలి. (రెగేలోనే స్టెపర్స్ అనే మరో శైలిలో నాలుగింటికీ కిక్ పడుతుంది, అది వేరే సంగతి.) వేదికల మీద డ్రమ్మర్ అలవాటు కొద్దీ ఒకటి మీదే కిక్ వేస్తాడు, ఊగు పోయి కవాతు మిగులుతుంది. గిటారిస్టు మీటిన వెంటనే ఎడమచేతి వేళ్లు సడలించడు, తీగలు మోగుతూనే ఉంటాయి. పాటను నడిపే బేస్ గిటారుని సౌండ్ మిక్సర్ దగ్గర తగ్గించేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ మిక్సర్‌నే వాయిద్యంగా మార్చి జమైకా సౌండ్ ఇంజినీరు కింగ్ టబ్బీ డబ్‌కి (రికార్డయిన పాటలో గొంతు తగ్గించి, బేస్, డ్రమ్స్‌ని ముందుకు తెచ్చే శైలి) రూపమిచ్చాడు. కింగ్‌స్టన్‌లో పుట్టిన డీజే కూల్ హెర్క్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో హిప్‌హాప్‌కి దారి వేశాడు. యునెస్కో 2018లో రెగేను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇకనైనా స్కా, రాక్‌స్టెడీ, డబ్‌లను వాటి వాటి పేర్లతోనే రాయండి. ఆదివారం అనుబంధంలో ఒక్కో శైలి దెబ్బల్ని నాలుగు గడుల్లో అచ్చు వేయండి. ఆర్కెస్ట్రాలు సౌండ్ చెక్‌ని బేస్, డ్రమ్స్‌తో మొదలుపెట్టి, ఆ రెండూ కుదిరాకే గిటారు కలపాలి.