బీరువాలో ఉన్న పెన్ను: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను పన్నెండో తరగతి చదువుతున్నాను. నాకు వేరుశనగ పడదు.

అసలు చిక్కంతా ఈ ‘పడదు’ అన్న మాటతోనే వస్తోంది. చన్నీళ్ళు పడనివాళ్ళున్నారు, ఎండ పడనివాళ్ళున్నారు, ఒకరంటే ఒకరికి పడనివాళ్ళయితే ఇంటికిద్దరు. అన్నిటికీ అదే మాట. అందుకే నేను ‘పల్లీలు పడవండీ’ అంటే ఎదుటివాళ్ళు కాస్త దురద పెడుతుంది కాబోలు అనుకుంటారు. ‘ఒక్కటి తింటే ఏం కాదులేమ్మా’ అని ప్రేమగా చేతిలో పెడతారు. నాకు భయం వేసేది ఆ ప్రేమకే. నాకు పడకపోవడమంటే గొంతు వాచి ఊపిరి అందకపోవడం, రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం. డాక్టర్లు దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. తెలుగులో దానికి ఇంకా ఒక పేరు కుదరలేదు. పేరు లేని దాన్ని జనం నమ్మరు.

ఏడో తరగతిలో జరిగిన సంగతి చెబుతాను. ఆ రోజు క్లాసులో ఎవరిదో పుట్టినరోజు. ప్లేటులో బిస్కెట్లు వచ్చాయి, ప్యాకెట్టు రాలేదు. ప్యాకెట్టు లేకపోతే తినకూడదని నాకు తెలుసు. తెలిసీ సగం కొరికాను, ఎందుకంటే అంతకుముందు వారమే నన్ను ‘గాజుబొమ్మ’ అని ఏడిపించారు. కాసేపటికి పెదవి లోపల చిమచిమలాడింది. ఎవరికీ చెప్పలేదు. పక్కన కూర్చునే అమ్మాయి రబ్బరు అడిగింది, ‘లేదే’ అన్నాను. అది నా మొహంలోకి చూసి, ‘నీ గొంతేంటి అలా ఉంది?’ అంది. అప్పటికి ఒంటిమీద ఒక్క దద్దురు కూడా లేదు. టీచరు బోర్డువైపు తిరిగి ఉన్నారు. నాకు ముప్పు వచ్చిందని మొదట కనిపెట్టింది ఆ పన్నెండేళ్ళ పిల్ల చెవులే.

టీచరు ఆఫీసు గదికి పరుగెత్తారు. ఇలాంటప్పుడు వెంటనే తొడకి గుచ్చాల్సిన అడ్రినలిన్ మందు, లోపల సూది ఉన్న పెన్ను రూపంలో వస్తుంది. నా పేరు రాసిన ఆ పెన్ను అక్కడి బీరువాలో ఉంది. బీరువాకి తాళం ఉంది. తాళంచెవి ఉన్నాయన బ్యాంకు పని మీద వెళ్ళారు. అమ్మ నా బ్యాగులో ఇంకో పెన్ను పెట్టి ఉంచబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. అది కూడా ఆ కంగారులో నాకు గుర్తు రాలేదు, గుర్తొచ్చింది ఆ అమ్మాయికే. ముందురోజు స్కేలు కోసం నా బ్యాగులో చెయ్యి పెట్టి, ‘ఇదేంటే’ అని అడిగి ఉంది కదా.

నేనెవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. బడిలో మందులకి తాళం వేయడం మంచి అలవాటే. కానీ ఈ ఒక్క మందు విషయంలో ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్‌తో చనిపోయినవాళ్ళ వివరాలు పరిశీలించి 2000లో ఒక అధ్యయనం వెలువడింది. తిండి వల్ల వచ్చిన కేసుల్లో, సగం మందికి 30 నిమిషాల్లోపే ఊపిరి గానీ గుండె గానీ ఆగిపోయింది. అందులో తాళంచెవి వెతకడానికి ఎంతసేపు పోనిద్దాం? అంబులెన్సుకి ఫోను చేసి ఎదురుచూడటానికి ఎంతసేపు?

ఈ జబ్బుతో ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళలో మా ఈడువాళ్ళే ఎక్కువని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. కారణం వైద్య పుస్తకాల్లో వెతకక్కర్లేదు, మమ్మల్ని అడిగితే చెబుతాం. చిన్నప్పుడు పెన్ను అమ్మ దగ్గర ఉంటుంది, పెద్దయ్యాక మన దగ్గర ఉండాలి. ఆ మధ్యలో కొన్నేళ్ళు అది ఎవరి దగ్గరా ఉండదు. జేబులో పట్టదు, నలుగురిలో తియ్యాలంటే సిగ్గు. గొంతు బిగుస్తున్నా లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంటాం తప్ప చెప్పం. ఒంటరిగా వెళ్ళడమే అన్నిటికన్నా ప్రమాదం.

కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో సబ్రినా షానన్ అనే అమ్మాయి ఉండేది. పాలు, వేరుశనగ పడవు. పదేళ్ళ వయసులోనే తన ఎలర్జీల గురించి రేడియోకి ఒక కార్యక్రమం చేసింది. పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలని అంత చిన్న పిల్ల పూనుకుంది. 2003లో, 13 ఏళ్ళప్పుడు, బడి క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ తిని ప్రాణం పోగొట్టుకుంది. అవి వడ్డించిన పట్టకారుకి అంతకుముందే పాల పదార్థం అంటుకొని ఉంటుందని భావించారు. ఆ తర్వాత ఆమె పేరుతోనే చట్టం వచ్చి, 2006 జనవరి 1 నుంచి అమలవుతోంది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి ఎలర్జీ ఉన్న ప్రతి పిల్లకీ బడిలో విడిగా ఒక ప్రణాళిక ఉండాలి, సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలి, ఆపదలో మంచి మనసుతో మందు ఇచ్చినవాళ్ళ మీద దావాలు పడకూడదు. ఈ చివరిది చూడటానికి చిన్న వాక్యమే. ‘నేను గుచ్చాక ఏదైనా అయితే?’ అన్న భయంతో టీచర్ల చేతులు ఆగిపోకుండా చేసేది అదే.

బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి బడులు డాక్టరు చీటీ లేకుండానే అదనపు పెన్నులు కొని ఉంచుకోవచ్చు. అమెరికాలో 2013లో వచ్చిన చట్టం, బడుల్లో ఈ మందు నిల్వ ఉంచేలా చూసే రాష్ట్రాలకి నిధుల్లో ప్రాధాన్యం ఇస్తోంది. నేను చూసిన పెన్నుకి మాత్రం నా పేరు రాసి ఉంది. మరి ఎలర్జీ ఉందని అప్పటిదాకా తెలియనే తెలియని పిల్లకి మొదటిసారి బడిలోనే వస్తే? వాళ్ళ పేరుతో పెన్ను ఎక్కడిది?

లేబుళ్ళ సంగతి మీ శాఖది కాదు కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తాను. బ్రిటన్‌లో 2016లో నటాషా ఎడ్నన్-లాపెరూస్ అనే 15 ఏళ్ళ అమ్మాయి, రొట్టె పిండిలో నువ్వులు కలిపారని పైన ఎక్కడా రాయకపోవడం వల్ల చనిపోయింది. ఆమె పేరిట వచ్చిన చట్టం 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అమెరికా కూడా 2023 నుంచి నువ్వుల పేరు తప్పనిసరిగా రాయాలంది. అక్కడ కొన్ని బేకరీలు ఏం చేశాయో తెలుసా అండీ? నువ్వులు అంటకుండా యంత్రాలు కడగడం కష్టమని, అంతకుముందు లేని రొట్టెల్లో కూడా కావాలనే నువ్వుల పిండి కలిపి లేబుల్ మీద రాసేశాయి. చట్టానికి లోబడినట్టే, తినేవాళ్ళకి మాత్రం ఉన్న రొట్టె కూడా పోయింది. జీవో ఇస్తే పని అయిపోయినట్టు కాదని పెద్దవాళ్ళకి మేం చెప్పక్కర్లేదు.

ఇక మా సంగతి. మేం పదకొండు మందిమి ఒక జట్టుగా ఏర్పడ్డాం. అందులో ఎలర్జీ ఉన్నవాళ్ళం ముగ్గురమే, మిగతావాళ్ళు ‘పక్క బెంచీవాళ్ళు’. వారానికో క్లాసుకి వెళ్తాం. సూది లేని శిక్షణ పెన్నులు రెండున్నాయి, గడువు దాటిన అసలు పెన్ను దొరికితే కమలాపండు మీద గుచ్చి చూపిస్తాం. ఆ ‘టక్’ మన్న చప్పుడుకి వెనక బెంచీలన్నీ ఒక్కసారి నిశ్శబ్దమైపోతాయి. ప్రతి క్లాసులోనూ ఒకే పొరపాటు చూస్తున్నాం. పెన్ను చేతికివ్వగానే బాల్‌పెన్ నొక్కినట్టు బొటనవేలు ఒక కొస మీద పెడతారు. సూది వచ్చేది ఆ కొసలోంచే అయితే మందు తొడకి కాక వేలికి వెళ్తుంది. ఇది పోస్టరు చూసి నేర్చుకునేది కాదు, చేత్తో పట్టుకుంటే ఒక్కసారికే వస్తుంది. పిడికిలి బిగించి, తొడ బయటివైపు మధ్యలో, బట్టల మీదుగానే గట్టిగా నొక్కి, పెన్ను మీద రాసినన్ని సెకన్లు అలాగే పట్టుకోవాలి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వచ్చు గానీ లేపి నడిపించకూడదు. ‘గాలి తగులుతుంది, అలా బయటికి రా’ అని నడిపించడమే చాలామంది చేసే పని.

ఎలర్జీ మాత్ర వేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. అది దురదకి పనిచేస్తుంది, మూసుకుపోతున్న గొంతుకి కాదు. పోయినసారి తిన్నా ఏం కాలేదు కదా అని కూడా అడుగుతారు. దానికి నా దగ్గరొక కథ ఉంది. ఫ్రాన్సులో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే శాస్త్రవేత్తలు సముద్రజీవుల విషాన్ని కుక్కలకి ఎక్కించి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్కలే కొన్ని వారాలయ్యాక చిన్న మోతాదుకే చనిపోయాయి. ఆ వింతకి వాళ్ళు 1902లో పెట్టిన పేరే అనాఫిలాక్సిస్, రిషేకి 1913లో నోబెల్ తెచ్చింది అదే. పోయినసారి ఏమీ కాకపోవడం దేనికీ హామీ కాదని నూరేళ్ళకి పైగా తెలుసు.

మేం అడిగేది ఇదండీ. ప్రతి బడిలో ఎవరి పేరూ రాయని రెండు పెన్నులు, పెద్దలకొక మోతాదు, చిన్నపిల్లలకొక మోతాదు, తాళం లేని పెట్టెలో, అందరికీ తెలిసిన చోట గోడకి ఉండాలి. గడువు తేదీ నెలకోసారి చూసే బాధ్యత ఒకరికి పేరుతో సహా అప్పగించాలి. వాడినవాళ్ళకి చట్టం అండగా ఉండాలి. శిక్షణ టీచర్లతో ఆపకుండా పిల్లలకీ ఇవ్వాలి. పిల్లలు తప్పుగా గుచ్చేస్తారేమోనన్న సందేహం మా ప్రిన్సిపాల్ గారికీ వచ్చింది. అవసరం లేకుండా తొడలో పడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి కాసేపు గుండె దడ, వణుకు వచ్చి తగ్గుతాయి, ఆస్పత్రిలో ఒకసారి చూపిస్తే చాలు. అవసరమైనప్పుడు ఇవ్వకపోతే ఏమవుతుందో పైన రాశాను.

మీకు వీలైన రోజు చెప్పండి, మీ ఆఫీసుకే వస్తాం. పది నిమిషాలు చాలు. కమలాపండు మేమే తెచ్చుకుంటాం, పెన్ను మాత్రం మీరే గుచ్చాలి.

ఇట్లు,
పన్నెండో తరగతి విద్యార్థిని,
తన పక్క బెంచీ అమ్మాయితో కలిసి