కిరీటం కంటే ఆ అమ్మాయి చెప్పిన మాటే మాకు కావాలి

సంపాదకులకు నమస్కారం.

2025 మే నెలలో హైదరాబాద్‌లో 72వ మిస్ వరల్డ్ పోటీలు జరిగినన్నాళ్లూ మన తెలుగు పత్రికలు 108 మంది పోటీదారుల ఫొటోలతో నిండిపోయాయి. పోచంపల్లిలో మగ్గాలు చూశారు, లాడ్ బజారులో గాజులు వేయించుకున్నారు, రామప్ప గుడికి వెళ్లారు. ఎవరు ఏ చీర కట్టారో, ఎవరి గౌను ఎంత బాగుందో రోజూ చదివాము. నేను శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఎ.ఎన్.ఎం.గా, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య నర్సుగా, పనిచేసి పదవీ విరమణ చేసినదానిని. నాకు ఆ పోటీల మీద మోజు లేదు, వాటిని తిట్టడానికీ ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ వార్తల్లో మా ప్రాంతపు ఆడవాళ్ల ప్రాణానికి పనికొచ్చే సంగతి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టుకోవలసి వచ్చిందన్నదే నా బాధ.

మే 31న హైటెక్స్‌లో కిరీటం అందుకున్న థాయిలాండ్ యువతి ఓపల్ సుచాత చువాంగ్‌శ్రీకి పదహారేళ్ల వయసులో రొమ్ములో గడ్డ వచ్చింది. శస్త్రచికిత్స చేసి తీసేశారు. అది క్యాన్సర్ గడ్డ కాదు. అయినా ఆ భయం అనుభవించిన పిల్ల కాబట్టి, రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా గుర్తించడం గురించి ప్రచారం చేయడమే తన పనిగా పెట్టుకుంది, ఆ పనినే పోటీలోనూ ముందుకు తెచ్చింది. తన ఒంటి సంగతిని సిగ్గుపడకుండా లోకమంతటి ముందు చెప్పిన ఆ ధైర్యం నా దృష్టిలో కిరీటం కంటే పెద్దది.

ఎందుకంటే మా పల్లెల్లో ఈ మాట మొగుడితో చెప్పడానికి కూడా నోరు రాదు. ఇంటింటికీ తిరిగే రోజుల్లో, వేరే పని మీద వెళ్లినప్పుడు, కోడలు పెరట్లోకి పిలిచి పైట సర్దుకుంటూ, “గోళీకాయంత ఉంది నర్సమ్మా, నొప్పి నేదు కదా, ఏటవుద్ది?” అని అడిగేది. నొప్పి లేకపోవడమే ఆమెకు ధైర్యం. కానీ రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు, అందుకే నెలల తరబడి దాచుకుంటారు. పసుపు, సున్నం కలిపి పట్టు వేసుకుంటారు, పసరు కట్టు కట్టించుకుంటారు, కోతలు అయ్యాక చూద్దామంటారు. చర్మం సొట్టపడి, చంకలో బిళ్లలు కట్టి, పుండు పడ్డాక అప్పుడు విశాఖ వెళ్లే బస్సెక్కుతారు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక వైద్యం దగ్గరైంది గాని, ఆ బస్సెక్కే ధైర్యం ఇంకా దగ్గర కాలేదు. రొమ్ములో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, క్యాన్సర్ అయినా తొలిదశలో దొరికితే నయమయ్యే అవకాశం ఎక్కువ అని ఆ కోడలికి చెప్పవలసిన మాటను ప్రపంచ సుందరి నోటితోనే చెప్పించే వీలు మీకు దొరికింది. మొదటి పేజీలో ఆమె ఫొటో వేసినవారు, పక్కనే నాలుగు వాక్యాలు ఈ విషయం రాసి ఉంటే, ఆ ఫొటో కోసం పేపరు తిరగేసిన ఆడపిల్ల అదీ చదివేది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిల్లా మాగీ విషయం కూడా ఇలాగే జరిగింది. ఆమె పోటీ మధ్యలో వెళ్లిపోయి చేసిన ఆరోపణలు, నిర్వాహకుల ఖండనలు రోజుల తరబడి వచ్చాయి. అతిథుల మధ్య ఆడపిల్లలకు ఇబ్బంది కలిగిందన్న మాట చిన్నది కాదు, దాన్ని రాయడమూ తప్పు కాదు. అయితే సముద్ర తీరంలో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఆ అమ్మాయి, గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే ప్రథమ చికిత్స) చేయడం బడిలోనే నేర్పాలని ప్రచారం చేస్తూ వచ్చిందన్న సంగతి ఎంతమంది పాఠకులకు చేరింది? రాష్ట్రంలోకెల్లా పొడవైన తీరం, సుమారు 193 కిలోమీటర్లు, మా జిల్లాదే. కార్తీకంలో బారువకు, కళింగపట్నానికి వనభోజనాలకు వెళ్లి నీట మునిగిన పిల్లల వార్తలు మీ పత్రికలోనే చదువుతుంటాము. ఒడ్డుకు తెచ్చాక బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడానికే విలువైన నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, నోటి ద్వారా శ్వాస ఇస్తూ, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కాలని తెలిసినవారు ఆ గుంపులో ఒక్కరున్నా చాలు.

ఈ పోటీ 1951లో లండన్‌లో ఈత దుస్తుల ప్రదర్శనగా మొదలైన మాట నిజమే. 1996లో బెంగళూరులో నిరసనలు చెలరేగి ఈత దుస్తుల భాగాన్ని సీషెల్స్ దీవులకు తరలించవలసి వచ్చింది, 2015 నుంచి దాన్ని పూర్తిగా ఎత్తేశారు. అందాన్ని కొలిచి మార్కులు వేయడం ఇప్పటికీ నాకు రుచించదు. కానీ 1966లో మన దేశం నుంచి మొదటిసారి గెలిచిన రీటా ఫారియా వైద్య విద్యార్థిని. ఏడాది పదవి ముగియగానే సినిమాల వైపు పోకుండా చదువుకు తిరిగి వెళ్లి డాక్టరయింది. అలాంటి ఆడపిల్లలు అక్కడికి వస్తున్నప్పుడు వారిని చీర రంగు దగ్గరే ఆపేయడం వారికీ, మీ పాఠకురాళ్లకూ అన్యాయం.

కాబట్టి నా విన్నపం ఇది. ఓపల్ సుచాత సంగతిని మీ మహిళల పేజీలో వివరంగా వేయండి. రొమ్ములో ఏ మార్పు కనిపిస్తే ఆలస్యం చేయకూడదో, అద్దం ముందు ఎలా చూసుకోవాలో బొమ్మలతో చూపించండి. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేసే పరీక్ష గురించి, అది ఆడ సిబ్బందే చేస్తారా అన్న అనుమానం తీరేలా, మా జిల్లా వైద్యాధికారులను అడిగి రాయండి. ఆ పేజీని కత్తిరించి అంగన్‌వాడీ గోడకు అతికించే పని మా ఊళ్లో నేను చూసుకుంటాను.

— ఒక విశ్రాంత ఎ.ఎన్.ఎం., నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా